దొరకని మాటల జాబితా

గ్రంథాలయంలో అందరూ ఆవిడను నిఘంటువమ్మ అనేవారు. ముఖం మీద కాదు, చాటుగా. కొత్తగా వచ్చిన ప్రతి పుస్తకాన్నీ తిరగేసి, అది ఏ విషయం కిందికి వస్తుందో కంప్యూటరులో ఎక్కించడం ఆవిడ పని. పంతొమ్మిదేళ్లుగా వెనక గదిలోనే కూర్చుంది. పాఠకుడన్నవాడు ఆ గుమ్మం తొక్కిన దాఖలా లేదు.

ముందు హాల్లో కౌంటరు దగ్గర కూర్చునేది ఆవిడ ఆడపడుచు. చేరి రెండేళ్లు కాలేదు. ఖాళీ ఉందని చెప్పి దరఖాస్తు పెట్టించింది వదినే. ఇప్పుడది తలుచుకుంటే ఆవిడకు ఒళ్లు మండేది. కంప్యూటరులో వెతికి వెతికి విసిగినవాళ్లంతా నేరుగా ఆడపడుచు దగ్గరికి వచ్చేవారు. ఆమె రెండు ముక్కలు అడిగి, మాట మార్చి టైపు కొట్టి, పుస్తకం చేతిలో పెట్టేది.

"నువ్వు లేకపోతే మా గతేంటమ్మా!" అనేవారు వాళ్లు. అది వెనక గదిదాకా వినపడేది. ఇంటికి వెళ్తే భర్తదీ అదే పాట. "మా చెల్లికి ఎంత పేరొచ్చిందో చూశావా?"

ఆ పుస్తకం అక్కడుందని రాసిందెవరట, అని అడగాలని నోటిదాకా వచ్చేది. వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగా మోగేవి, అంతే.

ఒకరోజు ఆడపడుచు జ్వరమొచ్చి రాలేదు. కౌంటరు వదినకు అప్పగించారు. ఆవిడ మంచి బట్టలు వేసుకుని మరీ వచ్చింది.

పదిన్నరకు ఒక లారీ డ్రైవరు వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఆవిడ వెనక నిలబడి చూసింది. 'పాపకు మాటలు రావట్లేదు' అని కొట్టాడు. ఏమీ రాలేదు. 'పిల్లలకు మాటలు రావాలంటే' అని కొట్టాడు. ఊహూఁ. కాసేపు గడ్డం గోక్కుని 'మూగ' అని కొట్టి, ఆ మాట చూడలేక గబగబా చెరిపేశాడు.

"భాషావికాస జాప్యం అని కొట్టండి," అంది ఆవిడ.

"అదేంటండీ?"

ఆవిడే కొట్టింది. మూడు పుస్తకాలు దొరికాయి. తెచ్చి చేతిలో పెట్టి, ఇక ఆ మెప్పు మాట వస్తుందని ఎదురుచూసింది.

అతను అట్టలు తిప్పి చూసి, "ఇక్కడుండే ఆ అమ్మాయి ఎప్పుడొస్తారండీ? మాకు ఏది అర్థమవుతుందో ఆవిడైతే చెప్తారు," అన్నాడు.

పుస్తకాల మీద తేదీ ముద్ర కాస్త గట్టిగానే పడింది.

మర్నాడు వెనక గదిలో తలుపేసుకుని, వెతికినా దొరకని మాటల జాబితా తెరిచింది. కంప్యూటరు దాన్ని రోజూ దాచిపెట్టేది గానీ ఎవరూ చూసేవారు కాదు. షుగరు. సుగర్ జబ్బు. నడుం పట్టేసింది. కోర్టు కాగితం ఎలా రాయాలి. ఒక్కొక్కరు నాలుగైదు రకాలుగా అడిగి వదిలేశారు. ఆవిడ రాసిన మధుమేహం, కటిశూల అన్న మాటలు ఒక్కరికీ తట్టలేదు.

ఆవిడకు సిగ్గు వెయ్యలేదు. దొరకనివాళ్లే కదా కౌంటరులో దాని దగ్గరికి పోతున్నారు, అనుకుంది. అందరికీ దొరికేలా చేస్తే ఇక దాన్ని ఎవరడుగుతారు?

నాలుగు నెలలు టీకి కూడా లేవకుండా పనిచేసింది. మధుమేహం పక్కన షుగరు, కటిశూల పక్కన నడుంనొప్పి ఎక్కించింది. తప్పు స్పెల్లింగులు సైతం వదల్లేదు. అంత శ్రద్ధ ఎందుకో ఆవిడకు తెలుసు. పైవాళ్లు మాత్రం అంకితభావం అన్నారు.

కౌంటరు ముందు వరస నిజంగానే తగ్గింది. ఆ ఖాళీని కళ్లారా చూద్దామని ఒక మధ్యాహ్నం హాల్లోకి వచ్చింది. ఆడపడుచు ఎదురుగా ఆ డ్రైవరే నిలబడి ఉన్నాడు. వెతికిపెట్టమని రాలేదు. ఈసారి పుస్తకం తనే వెతుక్కున్నాడట, పాపకు మాట వచ్చిందట. ఆ సంగతి చెప్పిపోదామని వచ్చాడు.

"అదిగో, మా వదిన!" అంది ఆడపడుచు మురిసిపోతూ. "మీరు కొట్టిన మాటలన్నీ లోపలికి ఎక్కించింది ఆవిడేనండీ."

"చాలా థాంక్సండీ," అన్నాడతను తిరిగి చూసి.

పంతొమ్మిదేళ్లకు వచ్చిన మెప్పు. అదీ దాని చేతిమీదుగానే రావాలా?

పాప ఏమందో అడుగుదామని ఆవిడ నోరు తెరిచింది.

"ఇంతకీ మొదట ఏమందండీ పాప?" అని ఆడపడుచు అప్పటికే అడిగేసింది.