కిటికీలో అవిసె నూనె

ఆమె ముక్కు గురించి చెబితే కోతలంటారు. మూడు వీధుల అవతల పాలు మాడితే, మాడ్చింది అత్తో కోడలో కూడా వాసనబట్టి చెప్పేసేది. అందులో సగం అబద్ధమే అనుకోండి, మిగిలిన సగం చాలు ఒక పెద్దమనిషి గాలి తీయడానికి.

ఇరవై రెండేళ్లుగా ఆమె పని నూనెల పరిశోధనశాలలో గాజు సామాను కడగడం. జిడ్డు సీసాలను వేడి సోడా నీళ్లలో నానబెట్టి, బ్రష్షుతో తోమి, నాలుగు నీళ్లు పోసి, చివర ఒకసారి వాసన చూసి ఆరబెట్టేది. చదువు అయిదో తరగతి. చాటున అందరూ ముక్కమ్మ అనేవారు, ఎదుట మాత్రం అక్కా అని పిలిచేవారు.

ఆ శాలకు అధిపతి పెద్దసారు. ఆయన డిగ్రీలు రాయడానికి తలుపు చాలక సగం గోడ మీదికి పాకాయి. పట్టుకున్న పని మాత్రం మంచిదే. నీరు తీసేస్తే మెదడులో సగానికి పైగా కొవ్వే. అవిసె గింజల్లోని మేలురకం కొవ్వుతో బిస్కెట్లు చేసి ముసలివాళ్లకు పెడితే మతిమరుపు ఏమైనా తగ్గుతుందా అని చూడాలి. గింజలేమో రసాయనాలు వెయ్యకుండా, పప్పు పంటల నడుమ అవిసె పెంచే రైతుల దగ్గరే కొనాలి. అలా తలనీ తిండినీ నేలనీ ఒకే గాటన కట్టాడు.

బల్లలు తుడుస్తూ ఇదంతా విన్న ముక్కమ్మ తమ్ముడి చెవిన వేసింది. అక్క మాట మీద అతను మూడెకరాల్లో అవిసె చల్లాడు. నమూనా నూనె పరీక్షలో నెగ్గితే పంటంతా శాలే కొంటుంది. ఓడితే అటువైపు అవిసె అడిగే నాథుడే లేడు.

పంట చేతికొచ్చాక, తమ్ముడితో కలిపి ఆరుగురు రైతుల గింజలూ శాలలోనే ఆడించారు. నూనె బంగారంలా మెరిసింది. అంత మెరుపును అల్మారాలో దాచడానికి పెద్దసారుకు మనసొప్పలేదు. తెల్లగాజు సీసాల్లో పోయించి, ఎండ పడే కిటికీలో బారుగా నిలబెట్టించాడు. వచ్చిన అతిథికల్లా వాటి ముందు ఒక ఫొటో.

"సార్, ఎండ తగుల్తోంది" అందామె.

"తగలనీ. అందమంతా అందులోనే ఉంది."

పన్నెండు రోజుల తర్వాత పరీక్ష పెడితే ఆరూ పాడైపోయాయని మెషిన్ చెప్పింది. "గింజలు సరిగా నిల్వ చేయలేదు, కొనుగోలు రద్దు" అంటూ రైతులందరికీ ఒకే ఉత్తరం వెళ్లింది. ఆరుగురూ కూడబలుక్కుని ఒకేసారి గింజలు పాడుచేసుకున్నారని నమ్మాలంటే ఎన్ని డిగ్రీలు చదవాలో!

తమ్ముడు ఉత్తరం పట్టుకుని వెనక తలుపున సింకు దగ్గరికే వచ్చేశాడు.

"ఏంటక్కా ఇది? గోతాలు చెక్కల మీద పెట్టా, చెమ్మ తగల్నివ్వలేదు. గింజలు కుళ్లబెట్టానని అందరూ నవ్వుతున్నారు. నీ మాట విన్నందుకు..."

"విన్నావుగా, ఇంకో మాట కూడా విను. నోర్మూసుకుని ఆ స్టూలు మీద కూర్చో."

గింజలు ఆడించిన రోజున మిగిలిన నూనె పారబొయ్యమంటే ఆమెకు చేతులు రాలేదు. ఆరు గోధుమరంగు మందుసీసాల్లో నిండా పోసి, మెషిన్ నడిపే అమ్మాయి చేత చీటీలు రాయించి, ఫ్రిజ్ అడుగున దాచింది. ఇప్పుడు వాటిని పళ్లెంలో పెట్టుకుని పెద్దసారు గదికి నడిచింది. అమ్మాయి వెంట వచ్చింది.

"వీటికీ పరీక్ష పెట్టండి సార్. కిటికీలోది తలుపులకేసే రంగు వాసనొస్తోంది. ఇది గింజ వాసనే."

పెద్దసారు నవ్వాడు. "నీ ముక్కేమన్నా దిగుమతి చేసిన మెషినా?"

"కాదు సార్. దీనికి కరెంటు అక్కర్లేదు."

ఆయనకు పౌరుషం వచ్చింది. ఆమె కళ్లకు తువ్వాలు కట్టించి, తానే అయిదు గిన్నెల్లో నూనెలు పోశాడు.

"ఇది కిటికీది. ఇది ఫ్రిజ్‌ది. ఇదీ కిటికీదే, చివరి సీసా, ఎండ ఎక్కువ తిన్నది. ఇది ఫ్రిజ్‌ది." అయిదో గిన్నె దగ్గర ఆగింది. పెద్దసారు మీసం దువ్వాడు. "ఇది మీరు తలకు రాసుకునేది సార్. పాపం, ఏమీ మొలిపించినట్టు లేదు."

అమ్మాయి దగ్గు నటిస్తూ బయటికి పరుగెత్తింది, చేతిలో మందుసీసాలతో సహా. మధ్యాహ్నానికి కాగితం తెచ్చింది. ఆరూ నెగ్గాయి.

పెద్దసారు దాన్ని తిప్పి తిప్పి చూసి, "నేననుకుంటూనే ఉన్నా. వెలుతురు ప్రభావం గురించి నాకు ముందే ఒక ఆలోచన ఉంది" అన్నాడు.

"ఆ ఆలోచనేదో ఉత్తరంలో రాయండి సార్. బయట మా తమ్ముడు కూర్చున్నాడు."

ఆరుగురి గింజలూ కొంటామని రాసిచ్చాడు. ఆమె అయిదో తరగతి చదువుతో కూడబలుక్కుని చదివి, తిరిగి బల్ల మీద పెట్టింది.

"పాడుచేసింది ఎవరో ఇందులో లేదు."

"అదంత అవసరమా?"

"మొదటి ఉత్తరంలో అవసరమైంది కదా సార్."

ఆమె కదల్లేదు. గోడ మీది డిగ్రీలన్నీ చూస్తుండగా "పొరపాటు మా శాలదే" అన్న మూడు మాటలు రాయడానికి ఆయనకు పావుగంట పట్టింది.

తమ్ముడు ఉత్తరం రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, పైనుంచి తడిమి చూసుకున్నాడు.

"ఊరికే కూర్చునే బదులు ఈ కిటికీ సీసాలు తోమరా" అందామె.

సంతోషంలో వాడు మూడు తోమి రెండు పగలగొట్టాడు.

"పోనీలే" అని ఆమె చీపురు అందుకుంది.