సునీత అక్క ఫోను

ఈ జూన్‌లో ఒక సాయంత్రం, ఇప్పుడు నేనుంటున్న కనాటా అనే ఊళ్లో, ఆఫీసు నుంచి తిరిగొచ్చి కారు దిగుతుంటే, పక్కింటి పెరట్లో ఎవరో బొగ్గుల మీద మాంసం కాలుస్తున్నారు. ఆ పొగలో ఎండు పుదీనా, కాలిన ఉల్లిపాయ వాసన తగిలి కాళ్లు ఆగిపోయాయి. ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పని మాట ఒకటి గొంతులోకి వచ్చింది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. స్కార్‌బరోలో మా వీధిలో ఏ బేస్‌మెంట్ చూసినా చదువుకోవడానికొచ్చిన స్టూడెంట్లే. సెప్టెంబరు వచ్చిందంటే విమానం ట్యాగులు ఊడదీయని సూట్‌కేసులు, మంచు పడకముందే కొన్న బరువైన బూట్లు, ప్రెషర్ కుక్కర్ విజిళ్లు. మా కింద ఉండేది అమలాపురం నుంచి వచ్చిన సునీత అక్క. అమ్మకి నర్సింగ్ హోమ్‌లో తెల్లవారుజాము షిఫ్టు కాబట్టి, కాలేజీకి రెండు బస్సులు మారాల్సిన తొందరలో కూడా అక్కే పొద్దున్నే పైకొచ్చి, కొబ్బరినూనె రాసి నాకు బిగుతుగా రెండు జడలు వేసేది. "అక్కా, టూ టైట్!" అని నేను అరిస్తే, "సాయంత్రం దాకా ఉండాలి కదే" అనేది. శీతాకాలం ఆదివారాల్లో చర్చి నుంచి రాగానే అట్టపెట్టె మీద గళ్లు గీసి, నాయనమ్మ కాకినాడ నుంచి మూటకట్టి తెచ్చుకున్న చింతగింజలు అరగదీసి, ముగ్గురం హీటర్ పక్కన అష్టాచెమ్మా ఆడేవాళ్లం. నాయనమ్మ దొంగాట ఆడేది. అక్క చూసీ చూడనట్టు ఊరుకునేది.

మా ఇంట్లో ఎవరి పుట్టినరోజైనా దగ్గర్లోని ఆర్మేనియన్ రెస్టారెంట్‌కే వెళ్లేవాళ్లం. బీరూట్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నడిపేది దాన్ని. ద్రాక్షాకుల్లో అన్నం పెట్టి వేలంత చుట్టలు చుట్టి ఉడికించేది. వాటి పులుపు నాయనమ్మకి చింతచిగురును గుర్తుచేసేది. ఒకరి భాష ఒకరికి ఒక్క ముక్క రాకపోయినా ఇద్దరూ చేతులు పట్టుకుని బోలెడు మాట్లాడుకునేవాళ్లు.

నాయనమ్మ డెబ్బయ్యో పుట్టినరోజుకి అక్కనీ తీసుకెళ్లాం. నాన్న ప్రార్థన చేశాడు. దుప్పటంత పల్చటి రొట్టె, పొగలు కక్కే మాంసం ముక్కలు, ఎర్రటి పుల్లపొడి చల్లిన ఉల్లిపాయలు వచ్చాయి. నాకు విసుగు పుట్టి అక్క ఫోను అడిగి తీసుకుని గేమ్ ఆడుతున్నాను. గోల ఆపమని నాయనమ్మ కసిరితే సౌండ్ తీసేశాను. గెలవబోతుండగా తెర మీద 'అమ్మ' అని వచ్చింది. ఎర్ర గుండీ నొక్కాను. మళ్లీ వచ్చింది, నొక్కాను. మూడోసారీ అంతే. అక్క ఎదురుగా నాయనమ్మకి కేకు తినిపిస్తూ నవ్వుతోంది.

కాసేపటికి ఫోను తీసుకుని చూసి, "అమ్మా, ఈ టైంలో చేశావేంటి?" అంటూ అక్కే కాల్ చేసింది. స్పీకర్లోంచి ఆవిడ గొంతు నాకు స్పష్టంగా వినిపించింది: "నాన్న పోయారే. నిన్నోసారి చూపించమన్నారు. మూడుసార్లు చేశానమ్మా."

వాళ్ల నాన్న ఆస్పత్రిలో ఉన్నాడని తెలుసుగానీ, గ్యాస్ నొప్పేనని చెప్పి ఉంచారు అక్కకి. పెద్దావిడ పాటలు ఆపించి, అక్కని కూర్చోబెట్టి, తన భాషలో ఏదో చెబుతూ వీపు నిమిరింది. రెండోవైపు నాయనమ్మ, "ఏడువమ్మా, ఏడువు" అంటోంది. నేను నా ప్లేటు వంకే చూస్తూ కూర్చున్నాను.

ఇక్కణ్ణుంచి ఎంత తొందరపడినా రెండు రోజుల ప్రయాణం. అంత్యక్రియలు అక్క అదే ఫోన్లో చూసింది. తర్వాతి సోమవారం మామూలుగానే పైకొచ్చి నాకు జడలు వేసింది. చెప్పేద్దామని నోరు తెరిచాను. "కదలకు" అంది.

పొగ వాసన తగిలిన ఆ వారమే, శనివారం, మిస్సిసాగాలో ఉంటున్న అక్క దగ్గరికి బయల్దేరాను. దారిలో 401 హైవే దిగి స్కార్‌బరోలో ఆగితే, రెస్టారెంట్ ఉన్నచోట పళ్ల డాక్టరు క్లినిక్ ఉంది. పెద్దావిడ ఏమైందో అక్కడ ఎవరికీ తెలియదు. మేమున్న ఇల్లు కూలగొట్టి, గ్యారేజీలే ముఖాలుగా ఉన్న రెండిళ్లు కట్టారు. నాయనమ్మ పోయి రెండేళ్లు.

అక్క వంటగదిలో కూర్చుని, ముందుగా అనుకున్న మాటలన్నీ మరిచిపోయి, "ఆ కాల్స్ నేనే కట్ చేశాను" అన్నాను.

"తెలుసే. కట్ చేసినవి ఫోన్లో వేరేగా కనిపిస్తాయి కదా. ఆ రోజే చూశా."

"మరి నన్నేం అనలేదే?"

"నీకు తొమ్మిదేళ్లు."

"మీ అమ్మకి?"

"తిండి ధ్యాసలో పడి నేనే చూసుకోలేదని చెప్పా. చాలా రోజులు నాతో మాట్లాడలేదు."

"నేను ఫోన్ చేసి చెబుతాను అక్కా. ఇప్పుడైనా."



"వద్దులే. నన్ను క్షమించడానికే ఆవిడకి నాలుగేళ్లు పట్టింది. ఇప్పుడు మళ్లీ మొదట్నుంచి ఇంకొకరిని క్షమించే ఓపిక ఆవిడకి లేదు."