మంటలో పడిన స్టాంపులు

"పింఛను చేతికొస్తున్నా చేపల కంపు వదలదు మా వదిన. డబ్బంటే అంత ఆశ!"

గ్రీసు దేశంలోని కల్లోనీ ఊరి కాఫీకొట్టులో స్త్రాతీస్ ఈ మాట అన్నప్పుడల్లా పేకాడేవాళ్లు ఘొల్లున నవ్వుతారు. అతని వదిన ఎవాంథియా, అన్న పోయాక ఒంటరిగా ఉంటున్న మనిషి, అరవై ఎనిమిదేళ్ల వయసులో రబ్బరు బూట్లు తొడుక్కుని సార్డీన్ చేపలకు ఉప్పు పట్టించే షెడ్డుకు వెళ్తుందన్నది మాత్రం నిజం.

పోయిన ఏడాది జూన్‌లో, సెయింట్ జాన్ పండగ మంటకు ఊరంతా పాత సామాను పోగేస్తోంది. ఆ మంటలో వెయ్యడానికని మే నెలలో గుమ్మాలకు కట్టిన పూలదండలు ఎండి గలగలమంటున్నాయి. ఎవాంథియా పెట్టె ఖాళీ చేస్తూ గోడ మీదుగా పక్కింటి మరిదిని అడిగింది.

"స్త్రాతీస్, పాత కాగితాలు ఎన్నాళ్లు దాచాలి?"

"పన్నువా? అయిదేళ్లు. ఆ పైన దాస్తే ఎలుకలకే వదినా! మా అన్న ప్రేమలేఖలుంటాయేమో, చూసి మరీ తగలెయ్యి."

"మీ అన్నకి సంతకం పెట్టడానికే బద్ధకం. ప్రేమలేఖలు కూడానా!"

నవ్వుకుంటూనే సంచీ నింపింది. పన్ను రసీదుల అడుగున బీమా పుస్తకాలున్నాయి. పడుచుతనంలో డబ్బాల ఫ్యాక్టరీలో చేసిన పనికి, రోజుకో స్టాంపు చొప్పున అతికించినవి. ఇవీ పాతవే కదా అనుకుని వాటినీ సంచీలో వేసింది. సంచీ పడగానే మంట ఎగసింది. పావడా ఎత్తిపట్టుకుని, అందరితో పాటు తనూ దాని మీదుగా దూకింది.

చలికాలం మొదట్లో, పింఛనుకు దరఖాస్తు పెట్టడానికి పట్నంలోని ఆఫీసుకు వెళ్లింది.

"కంప్యూటర్లు రాకముందు నాటి స్టాంపుల పుస్తకాలివ్వు అత్తా," అంది గుమాస్తా పిల్ల.

"కాల్చేశానమ్మా."

ఆ పిల్ల చేతిలో కలం ఆగిపోయింది. "కాల్చేశావా?"

"అయిదేళ్లు చాలన్నారు..."

"అది పన్ను కాగితాలకి అత్తా! ఇవి పింఛను వచ్చేదాకా, వచ్చాక కూడా దాచుకోవాలి. ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. ఆ లెక్క ఇంకెక్కడా లేదు. ఆ రోజులు లేకుండా పింఛను రాదు."

ఎవాంథియాకు ఫ్యాక్టరీలో చేసిన ఏళ్లు గుర్తుకు రాలేదు. ఆ మంట మీదుగా తను నవ్వుతూ దూకడమే కళ్ల ముందు మళ్లీ మళ్లీ తిరిగింది. తిరుగు బస్సులో తన ఊరు దాటిపోయినా గమనించలేదు.

ఇంటికి చేరేసరికి గోడ మీదుగా కేక వినిపించింది.

"ఎంతిస్తారట వదినా?"

"ఇస్తార్లే."

అతను చెప్పింది తప్పు కాదు. ఏ కాగితాలో చెప్పకుండా తను అడిగిందే సగం. అయినా ఈ సంగతి తెలిస్తే అతను సిగ్గుతో కాఫీకొట్టు గడప తొక్కలేడు.

కాలిపోయిన స్టాంపులను ఒక్కో పనిరోజుగా మళ్లీ సంపాదించుకోవడానికే ఆమె షెడ్డులో చేరింది. ఇప్పటిదాకా ఆమెకు ఒక్క నెల పింఛను కూడా రాలేదు.