మా అన్న నమ్మిన కెర్నెల్

మొన్న ఆదివారం చేవెళ్లలో చర్చి ఆరాధనకు వెళ్లినప్పుడు, పాట ఎత్తుకున్నారని అందరం లేచి నిలబడితే మా అన్న మాత్రం కూర్చునే ఉన్నాడు. ముందు వరుసవాళ్ల వీపులు చూసి ఒక చరణం ఆలస్యంగా లేచాడు. ఆడవాళ్ల వైపు నుంచి అది చూసి నా మనసు చివుక్కుమంది. దవాఖానలో ఇచ్చిన వినికిడి మిషన్ చెవిలోనే ఉంది గానీ, దాని శబ్దం పెంచాలన్నా తగ్గించాలన్నా ఫోనులోని యాప్‌తోనే చేయాలి, ఆ యాప్ కొత్తగా మారాక అన్న పాత ఫోనులో తెరుచుకోవడం మానేసింది. కొత్త ఫోను కొనమంటే, దీన్ని నేనే బాగు చేస్తానని మొండికేశాడు.

ఆ మొండితనం ఇవాళ్టిది కాదు. చెప్పులు బయట విడిచి కంప్యూటర్ గదిలోకి వెళ్లిన కాలం నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో మేమిద్దరం చేవెళ్లలో ఒక సేటు ఎరువుల దుకాణం మీది గదిలో కంప్యూటర్ సెంటర్ పెట్టాం. నగరంలో ఆఫీసులు వద్దనుకున్న కంప్యూటర్లను బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చి, వాటిలో లైనక్స్ అనే ఉచిత సిస్టమ్ ఎక్కించేవాళ్లం. తెరకూ శబ్దానికీ మీటలకూ పని చెప్పే మూల ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. లైనక్స్‌లో దాని కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు. ఎవరడిగినా అన్న సీడీ కాపీ చేసి ఇచ్చి, "నీ దగ్గర్నే పెట్టుకోకు, ఇంకొకలకు ఇయ్యి" అనేవాడు.

ఒక కంప్యూటర్‌కు ఎంతకీ శబ్దం రాలేదు. మూడు రోజులు అన్న ఆ కోడ్‌ను కాగితాల మీద అచ్చు వేసుకుని పెన్సిలుతో గీతలు గీస్తూ కూర్చుంటే, నేను విసుక్కుంటూనే టీ అందించాను. చివరికి ఒక వరుస మార్చి కెర్నెల్‌ను మళ్లీ తయారుచేశాడో లేదో, ఆ డొక్కు స్పీకర్లోంచి బొంగురుగా పాట వచ్చింది. సేటు యూరియా చేతులతోనే మెట్లెక్కి వచ్చి విన్నాడు. అన్న కళ్లనిండా నీళ్లు.

కానీ ఉద్యోగాలిచ్చేవాళ్లు అడిగే సిస్టమ్ వేరు. అది నేర్పడానికి అన్న ససేమిరా ఒప్పుకోలేదు, పిల్లలు ఒక్కొక్కరే మొయినాబాద్ సెంటర్‌కు జారుకున్నారు. మూసేసిన రోజు షట్టర్ దించుతూ, "సూస్తుండు చెల్లే, ఒకనాడు ఇది ఇంటింట్ల ఉంటది" అన్నాడు. నిజం చెప్పాలంటే, నాకప్పుడు ఒళ్లు మండిపోయింది.

సోమవారం అన్నను బతిమాలి మొయినాబాద్‌లో ఫోన్ల దుకాణానికి తీసుకువెళ్లాను. అక్కడ అన్న తన పాత ఫోను సెట్టింగుల్లో వెతికి వెతికి కెర్నెల్ పేరు నాకు చూపించాడు. అదే, మా లైనక్స్‌దే. మా ఇంటి టీవీలోనూ అదేనట. కింద లైసెన్స్ కూడా ఉంది, ఎవరైనా మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అంటూ మా సెంటర్ గోడకు అంటించుకున్న కాగితమే. అన్న నిలబడే మొత్తం చదివాడు. చదివి, ఇందులో కొత్త సిస్టమ్ ఎక్కించే దారి చెప్పమని దుకాణం ఆయన్ని అడిగాడు.

"ఎక్కదు సార్. కంపెనీ లోపల తాళం ఏసింది. కొత్తది తీస్కోండ్రి," అన్నాడాయన మర్యాదగానే.

"కోడ్ అందరిదే గద. ఫోన్ నాదే గద."

"ఫోన్ మీదే సార్. తాళం వాళ్లది."

అన్న పాత ఫోనును గుప్పిట్లోకి తీసుకున్నాడు. కొత్త ఫోను కొన్నాం. యాప్ తెరుచుకుంది, అక్కడే కూర్చుని శబ్దం సరిచేసుకున్నాడు.

ఆటోలో తిరిగి వస్తుంటే నాకు ఆ మేడ మీది గదే కళ్లముందు మెదిలింది. దగ్గర్లోని చందనవెల్లిలో లేచిన డేటా సెంటర్లలో కూడా ఎక్కువగా నడిచేది ఆ కెర్నెలేనట. అన్న చెప్పినట్టే ఇంటింటికీ వచ్చింది, ప్రతి జేబులోకీ వచ్చింది. మూడు రోజులు కూర్చుని ఒక వరుస మార్చుకునే వీలు మాత్రం మా చేతుల్లోంచి ఎప్పుడు పోయిందో నాకు తెలియనే లేదు.

అన్న పాత ఫోనును ఇంకా గుప్పిట్లోనే పట్టుకుని, మెల్లగా అడిగాడు.

"చెల్లే, మనం గెలిచినమా?"

ఇప్పుడు అన్నకు నేనేం చెప్పినా స్పష్టంగా వినబడుతుంది. అందుకే, నాకే వినబడనట్టు రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.