రాయి దగ్గకూడదు

మా చిన్నప్పుడు... భిలాయిలో చలి మొదలైందంటే మా క్వార్టర్‌లో అందరినీ లేపేది నా దగ్గే. ఉబ్బసం దగ్గు... పట్టుకుందంటే ఓ పట్టాన వదిలేది కాదు.

ఓ ఏడు చలి పోయినా దగ్గు పోలేదు. సరిగ్గా అప్పుడే మా సెక్టార్ తెలుగువాళ్ల ఉగాది నాటకంలో నాకు వేషం దొరికింది. శాపం తగిలి రాయైపోయిన రాజకుమారి! మాటల్లేవు, కదలకుండా నిలబడితే చాలు. "దగ్గావంటే వేషం ఇంకొకరికి ఇచ్చేస్తా" అన్నారు నాటకం నేర్పే మాస్టారు. నా ప్రాణమంతా ఆ వేషం మీదే...

ఆసుపత్రిలో ఇచ్చిన సిరప్ తాగితే దగ్గు తగ్గలేదు సరికదా, నిద్ర ముంచుకొచ్చింది. రిహార్సల్లో రాయి తూలి మంత్రి మీద పడింది. మందు మార్చి మాత్రలిచ్చారు. దగ్గు కాస్త తగ్గింది గానీ చేతులు వణికేవి. వణికే రాయిని ఎక్కడైనా చూశారా!

ఇక నాన్నమ్మ అడ్డసరం ఆకు కషాయం కాచింది. పక్క క్వార్టర్ సాహూ ఆంటీ ములేఠీ తెచ్చింది, అదే మన అతిమధురం పుల్ల.

నాన్న పనిచేసేది ప్లాంటులో, ఉక్కు కరిగించే విభాగంలో. ఒక్కో విడత కరిగించే ఉక్కుని వాళ్లు హీట్ అంటారు. "హీట్ సరిగా రాపోతే అన్నీ ఒకేసారి మార్చీస్తామేటి? ఒక్కటే మార్చి సూడాల, అప్పుడే దేనివల్ల బాగయిందో తెలుస్తాది. ఇకనించి డాక్టరు మందొక్కటే. మిగతావన్నీ బంద్!" అన్నాడు.

డాక్టరుగారు ఈసారి నోటితో పీల్చే పంపు రాశారు. రోజూ పీల్చాలి, గుణం మెల్లగా కనిపిస్తుందన్నారు. నాన్నమ్మ గుండెలు బాదుకుంది.

"ఏట్రా ఇది? పిల్లకి గాలిపంపు అలవాటు సేస్తావేటి? అది పట్టుకుందంటే మరి ఒగ్గదు!"

నాన్న వినలేదు. కానీ ఆయన షిఫ్టుకెళ్లగానే నాన్నమ్మ కషాయం గ్లాసు వచ్చేది... సాహూ ఆంటీ "చుప్‌చాప్ చప్పరించు బేటా" అంటూ గోడ మీంచి పుల్ల అందించేది. వేషం దక్కుతుందంటే నేను వేపాకైనా నమిలేదాన్ని.

నాటకం రోజు వచ్చింది. రాయిలా నిలబడ్డాను. గొంతులో దురద లేదు! చేతుల్లో వణుకు లేదు! ముందు వరసలో నాన్నమ్మ నా కోసం ఊపిరి బిగబట్టి కూర్చుంది. పాపం ఎంతసేపని బిగబడుతుంది... అంత నిశ్శబ్దంలో ఖళ్లుమని తనే దగ్గింది. హాలంతా ఒకటే నవ్వు. రాయి మాత్రం నవ్వలేదు, దగ్గలేదు!

శాపం తీరి చేతులెత్తగానే నడుము పట్టీలోంచి ములేఠీ పుల్ల జారి స్టేజి మీద పడింది.

"దేఖా? నా ములేఠీయే!" అని లేచింది సాహూ ఆంటీ.

"మరి రోజూ నేను పోసిన కసాయమేటయ్యింది?" అంది నాన్నమ్మ.

నాన్న ఇద్దరినీ చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "హీటంతా పాడుసేసీసినారు గదా!" అంటూ అందరికంటే గట్టిగా నవ్వాడు.

పనిచేసింది పంపేనని ఇప్పుడు నాకు తెలుసు. ఈనాటికీ నా బ్యాగులో ఒకటి ఉంటుంది. పీలుస్తాను, దగ్గు తగ్గుతుంది... నా మందువల్లే అని పోట్లాడేవాళ్లే లేరు.

మీ దగ్గు కోసం ఇలా పోట్లాడుకున్నవాళ్లు మీకూ ఉండే ఉంటారు... ఎవరో చెప్పండి. ఆ పోట్లాట ఇంకోసారి వినాలని ఉంది.