సబ్బుపెట్టె వద్దన్న షంషాద్‌బీ

పెనుకొండ బస్టాండు వెనక సందులో జాకెట్లు కుట్టే షంషాద్‌బీకి డిటెక్టివ్ నవలల పిచ్చి. అద్దె పుస్తకాల అంగడిలో ఆమె చదవనిది లేదు. చదివి ఊరుకునే రకమైతే ఈ గొడవే లేకపోయేది. హంతకుడెవరో సగం పుస్తకంలోనే పట్టేసి, ఇంత తేలిగ్గా దొరికిపోయాడేమని రచయిత మీద ఇంతెత్తున లేచేది. ఆ కోపంలోనే డెబ్బై ఎనిమిదిలో సొంతంగా ఒక లిఖిత పత్రిక మొదలుపెట్టింది. పేరు ‘ఆచూకీ’. చదివిన నవలలను చీల్చి చెండాడటం, తను రాసే ఒక సీరియల్, అంతే. సంచికకు ఒక్కటే కాపీ.

ఆ కాపీ బస్సెక్కి ధర్మవరం పోయి, మగ్గాల ఇళ్లన్నీ తిరిగి, ఆ తర్వాత హిందూపురం చేరేది. దానికి ఒక పెన్సిలు పట్టుదారంతో కట్టి ఉండేది. దారం ధర్మవరంలో చీరలు నేసే చౌడేశ్వరి ఇచ్చింది. చదివినవాళ్లు పేజీల అంచుల్లో తమ మాట రాసి తీరాలి. రాయకుండా పంపినవాళ్లకు తర్వాతి సంచిక రాదు. తిరిగి ఇల్లు చేరేసరికి అంచుల్లో ఈగ వాలే చోటు కూడా మిగిలేది కాదు. మొగుడు పీరా, సైకిళ్లకు పంక్చర్లు వేసేవాడు, "వచ్చినాయా నీ పిచ్చిగీతలు?" అని నవ్వేవాడు.

హిందూపురంలో చదువరుల సంఘమని ఒకటుండేది. అభిమానులు నడిపే పత్రికలకు ఏటా పోటీ పెట్టేది. చేత్తో రాసే లిఖిత పత్రికలకొకటి, సైక్లోస్టైల్ మిషన్ మీద కాపీలు తీసేవాటికొకటి వెండిపూత కప్పు ఇచ్చేది. కార్యదర్శి ఓబుళప్ప మంచివాడే, కాదనను. కాకపోతే వేడి బోండా ఎదురుగా పెట్టినా, ముందు దాని నిర్వచనం తేల్చి గానీ నోట్లో వేసుకోని మనిషి. మొదటి ఏడాది ‘ఆచూకీ’ని అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు.

"లిఖిత పత్రికంటే ఒకే చేతిరాత ఉండాలమ్మా. దీంట్లో ఊరిజనమంతా రాసినారు. ఇది పత్రిక కాదు, ఉత్తరాల కట్ట."

"అయితే సైక్లోస్టైల్ విభాగంలో పెట్టప్పా."

"దానికి మిషన్ ఉండాల గదా!"

రెండో ఏడాది ఆమె కోసమే ‘ఇతరములు’ అని కొత్త విభాగం తెరిచారు. అందులో ఆమెకు పోటీ ఎవరో వేయించిన పెళ్లిపాటల కరపత్రం. దాని మీద గెలిచినందుకు ప్లాస్టిక్ సబ్బుపెట్టె ఇచ్చి చప్పట్లు కొట్టారు.

షంషాద్‌బీకి ఒళ్లు మండింది. బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చింది కూడా. వెండిపూత కప్పు రాలేదని కాదు. సంపాదకురాలు అన్న మాట నలుగురిలో ఒక్కసారి తన పేరు పక్కన పలకాలని ఆమె ఆశ. మూడో ఏడాది కూడా ఇతరములే అంటే ‘ఆచూకీ’ని మూసేస్తానని మొదటి పేజీలోనే రాసి పంపింది. డాక్టరుకు విషం పెట్టిందెవరో తేలబోయే చోట సీరియల్‌ను టక్కున ఆపి మరీ పంపింది.

న్యాయనిర్ణేతలు ముగ్గురు. ఉన్నది ఒక్క కాపీ కాబట్టి ముందు జయరాజు మాస్టారు, తర్వాత మందుల అంగడి నారాయణప్ప, చివర ఓబుళప్ప తమ తమ ఇళ్లలో చదువుకున్నారు. సభనాడు ఓబుళప్ప మైకు పట్టుకుని, "ఆచూకీ ఈసారి కూడా ఇతరముల్లోనే" అని పత్రికను ఆమె చేతికిచ్చాడు. దాని మీద ఇంకో సబ్బుపెట్టె.

షంషాద్‌బీ సబ్బుపెట్టెను బల్ల మీదే వదిలేసింది. పత్రిక తెరిచి పేజీలు తిప్పింది. సీరియల్ ఆగినచోట ఆమె చేతులు కూడా ఆగాయి. ముఖం వెలిగిపోయింది.

"అన్నా, ఆ మైకు ఒక్క రవ్వ ఇట్లియ్యి" అంది.

ఇచ్చాడు పాపం. ఆమె చదవడం మొదలుపెట్టింది. "‘సంపాదకురాలు గారికి, విషం పెట్టింది కాంపౌండరే. జయరాజు.’ ‘సంపాదకురాలు గారికి, మాస్టారికి మందుల సంగతి తెలియదు. వంటమనిషిని పట్టుకోండి. నారాయణప్ప.’"

జనం నవ్వుతున్నారు. ఓబుళప్ప మాత్రం మైకు కోసం చెయ్యి చాచాడు. ఆమె రెండడుగులు పక్కకు జరిగింది.

"‘సంపాదకురాలు గారికి, పై ఇద్దరూ పొరబడినారు. డాక్టరు బావమరిదిని వదలకండి. తమ పత్రిక వచ్చే సంచికలో తేల్చగలరు. ఓబుళప్ప, కార్యదర్శి.’"

హాలు కప్పు ఎగిరిపోయేటట్టు నవ్వారు. వెనక వరసలో చౌడేశ్వరి ఈల వేసిందని అంటారు, ఆమె ఒప్పుకోదు. జయరాజు మాస్టారు తల వంచుకుని, "మనం రాసిందే గదప్పా, యాడికి పోతాం?" అన్నాడు.

"తమ పత్రికంటివి, వచ్చే సంచికంటివి" అంది షంషాద్‌బీ. "ఉత్తరాల కట్టకు వచ్చే సంచిక యాడిదన్నా? మూసేసేదా? బావమరిది సంగతి నీకు తెలియాల్నా, వద్దా?"

ఓబుళప్ప చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. ఆయన కష్టం ఆయనది. ఆఖరికి కప్పు చేతిలోకి తీసుకుని, మైకు ముందుకొచ్చి, నేల చూస్తూ గొణిగాడు: "లిఖిత పత్రికల విభాగం. ఆచూకీ. సంపాదకురాలు షంషాద్‌బీ."

ఆమె కళ్లు నీళ్లతో నిండాయి. కానీ ఆమె చోటు కదల్లేదు.

"ఇంకోసారి చెప్పన్నా" అంది. "వెనకాల మా ఆయన కూర్చోనుండాడు. ఆయప్పకు వినపళ్లే."