సత్యవ్వ గిలాస

సిరిసిల్లలో సత్యవ్వ ఎదురుపడితే "బాగున్నవా?" అనదు. ముందు అడిగేది ఒక్కటే: "అంటేదా, అంటనిదా?" దగ్గు, తుమ్ము, గోకుడు, ఏ రోగమైనా సరే, జాతి తేలాకే మనిషిని అరుగు ఎక్కనిస్తుంది.

డిగ్రీ మధ్యలో వదిలేసి సాంచలు (మరమగ్గాలు) నడుపుతున్న తిరుపతి, వాటి దగ్గర కాలు బెణికి ఓసారి కుంటుతూ వెళ్లాడు.

"అంటేదా?"

"కాలు బెణికిందవ్వా!"

"గట్లయితే ఎక్కు."

ఆమె సంచిలో తన పేరు చెక్కిన స్టీలు గ్లాసు ఉంటుంది. మొగుడు బాలయ్య ముప్పై ఏళ్ల కాపురంలో అందులో ఒక్క గుక్క తాగి ఎరగడు. కోరుట్ల పెళ్లిలో వియ్యపురాలు ముక్కు చీదుకుంటూ నీళ్లిస్తే, సత్యవ్వ తన గ్లాసు తీసి పట్టింది.

"మా ఇంట్ల గిలాసలు లేవనుకున్నవా వదినా?"

"ఉన్నయి. సర్దులు గూడ ఉన్నయి."

వేములవాడ బస్సులో ఒకాయన ఇరవై రోజులుగా దగ్గుతున్నానన్నాడు. తెమడ పరీక్ష చేయించలేదని తెలిసి, సత్యవ్వ దవాఖాన ముందు బస్సు ఆపించింది.

"గిక్కడ స్టాపు లేదవ్వా!" అన్నాడు కండక్టర్.

"ఈయన దగ్గుకున్నదా స్టాపు? టీబీకి ఆర్నెల్లు గోలీలు మింగి బతికిన, నాకు జెప్పకు!"

అందుకే తల్లి ఇంద్రమ్మకు రొమ్ము క్యాన్సర్ అని తేలినప్పుడు, తిరుపతి డాక్టర్ల కంటే సత్యవ్వకే ఎక్కువ భయపడ్డాడు. అదృష్టమో ఏమో, అప్పుడు సత్యవ్వ, కూతురు లీల పురుడని జగిత్యాలకు వెళ్లి ఉంది.

ఆపరేషనయింది. మందులెక్కిస్తున్నారు. సత్యవ్వ ఊళ్లో లేకున్నా, వాడలో ఆడవాళ్లంతా ఆమె అరుగు మీదే కూర్చుని కండెలకు నూలు చుడతారు. నాలుగింటికి చాయ్. ఇంద్రమ్మ అక్కడికి వెళ్తే, అందరికీ స్టీలు గ్లాసులు, ఆమెకు కాగితం కప్పు. మూడోనాటికి ఇంద్రమ్మ పోవడం మానేసింది.

"కప్పేగదనే అమ్మా!"

"నేను తాగినంక దాన్ని కట్టెపుల్లతోటి నూకుతున్నరు కొడుకా."

రెండు నెలలకు సత్యవ్వ జగిత్యాల నుంచి వచ్చి దిగింది. దిగగానే, "ఇంద్రమ్మేది? తోల్కరా" అని కబురు. ఈమె ముందు ఆ కప్పు ఇచ్చినవాళ్లే నయమనిపిస్తారు కాబోలనుకుంటూ, తిరుపతి తల్లిని తీసుకెళ్లాడు.

రోజూ చాయ్ పోసే నర్సక్క, అలవాటు ప్రకారం కాగితం కప్పు అందించింది.

"ఏం రోగమే?" సత్యవ్వ అడిగింది.

"క్యాన్సరు," ఇంద్రమ్మ తల దించుకుంది.

"అంటేదా, అంటనిదా?"

"ఎందుకన్న మంచిదని..." నర్సక్క నసిగింది.

సత్యవ్వ సంచిలోంచి తన గ్లాసు తీసి, కడిగి, చాయ్ పోసి ఇంద్రమ్మ చేతిలో పెట్టింది. ఇంద్రమ్మ భయంభయంగా రెండు గుక్కలు తాగింది. సత్యవ్వ ఆ గ్లాసు గుంజుకుని మిగతాది గటగటా తాగేసింది! బాలయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"టీబీ అంటే దగ్గుతోటి గాలిల అచ్చే పురుగు. గిది దీని ఒంట్లనే పుట్టిన గడ్డ. పక్క సాంచ మీద పోగులు తెగితే నీ సాంచ మీద బట్ట కరాబైతదానే?"

"కాదక్కా," నర్సక్క ముక్కు ఎగబీల్చింది.

"ఆఁ! మందులతోటి దీని తాకత్ తగ్గింది. మీ సర్దులే దీనికి అంటుతయి. నువ్వు అరుగు దిగు!"

కాగితం కప్పు పట్టుకుని నర్సక్కే దిగింది. ఇంద్రమ్మ నవ్వింది. తల్లి నవ్వు చూసి ఎన్నాళ్లయిందో! తిరుపతి ముక్కు తుడుచుకుంటూ సత్యవ్వ కాళ్లు మొక్కబోయాడు.

"ఆగు! సర్దా?"

"కాదవ్వా, ఏడుపు."

సత్యవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"గదైతే పక్కా అంటేదేరా. దూరం నిలవడు!"